పేర్లు కొట్టే పోశాలు

తొర్రూరు బస్టాండు వెనక స్టీలు సామాన్ల దుకాణం మెట్ల మీద పోశాలు కూర్చోబట్టి ఇరవై ఆరేళ్లయింది. గిన్నెల మీద, బిందెల మీద పేర్లు కొట్టడం ఆయన పని. పెళ్లికి మేనమామ పెట్టిన బిందె, చనిపోయినవాళ్ల గుర్తుగా పంచే గ్లాసులు, ఏదైనా సరే, ఎవరిచ్చారో ఆయన రాస్తే తప్ప మా దిక్కున ఆ వస్తువుకు విలువ లేదు. మొదట్లో ఉలి పెట్టి సుత్తితో చుక్కలు చుక్కలుగా కొట్టేవాడు. ఇప్పుడు కరెంటు పెన్ను వచ్చింది. సొంతూరు తరిగొప్పుల. చదివింది ఐదో తరగతి. కోపం మాత్రం కలెక్టరంత. "జల్ది చెయ్యి" అన్నవాడి గిన్నె తీసి పక్కన పెడతాడు, ఇక సాయంత్రం దాకా ముట్టడు. నా గిన్నెలు రెండుసార్లు అలా పక్కన కూర్చున్నాయి. బడిలో పిల్లల్ని బెదిరించే నేను ఆయన ముందు నోరెత్తలేదు.

జేగంట అని ఒక వార్తల ఛానెల్ ఉంది. పొద్దున పంటల ధరలు చెబుతుంది, సాయంత్రం నలుగురిని కూర్చోబెట్టి అరిపిస్తుంది. మూడేళ్ల కింద ఆ పేరు గొడుగుల మీద కనిపించింది. తర్వాత దుప్పట్ల మీద, మిక్సీల మీద, ఆఖరికి పొలానికి అన్నం తీసుకుపోయే సద్ది డబ్బాల మీద. ఛానెల్ వాళ్లు ఇందులో ఒక్కటీ తయారు చేయరు. హైదరాబాదులో ఒక కంపెనీ వాళ్లకు డబ్బు కట్టి, పేరు వాడుకునే హక్కు తెచ్చుకుంది. ఎవరో చేసిన డబ్బా మీద ఆ పేరు అచ్చేసి ఊళ్లకు పంపుతుంది. మా దగ్గర దానికి డీలరు, పోశాలు కూర్చునే స్టీలు దుకాణం యజమాని శ్రీపాలే. జనం ఎగబడి కొన్నారు. రోజూ టీవీలో చూసే పేరు, మోసం ఉండదని ధీమా. వార్తలు చదివేవాళ్లకు స్టీలు సంగతి ఏం తెలుసని ఒక్కరూ అడగలేదు. అడగనివాళ్లలో నేనూ ఉన్నాను, గొడుగు కొన్నాను.

పోశాలు మాత్రం ఆ డబ్బాను తిప్పి చూసి ఒకటే మాట అన్నాడు. "నేను గిన్నె చెయ్య, పేరు కొడ్త. గాళ్లూ గంతే. కాకపోతే నేను గిన్నె ఎవలదో వాళ్ల పేరే కొడ్త."

ఎన్నికలప్పుడు వేరే జిల్లాలో ఒక నాయకుడు జేగంట డబ్బాలు కొని, వాటి మీద తన పేరు కొట్టించి పంచాడు. ఛానెల్ ఆయన పార్టీదే అని గోల లేచింది. అప్పటి నుంచి కంపెనీ ఒక నిబంధన పెట్టింది. డీలరు దుకాణంలో అమ్మిన డబ్బాల పైన ఎక్కడా ఇంకో పేరు కనిపించకూడదు. కనిపిస్తే డీలరుషిప్ తీసేస్తారు. శ్రీపాల్ ఆ కాగితం పోశాలుకు చదివి వినిపించాడు.

"జేగంట మాల్ మీద పెన్ను పెట్టకు పోశాలూ. పెడితే ఇగ నీకు నా మెట్ల మీద జాగ లేదు."

మొన్నటి ఎండాకాలంలో రజని వచ్చింది. బస్టాండు దగ్గర బట్టల షాపులో పనిచేసే పిల్ల. వాళ్లమ్మ సమ్మక్క నాట్లకు, కలుపుకు పోయే కూలి ముఠాలో ముప్పై ఏళ్లు పనిచేసి, ఆ వారమే గుండెపోటుతో పోయింది. దశదినకర్మకు ముఠా ఆడవాళ్లకు పంచాలని రజని నలభై సద్ది డబ్బాలు కొన్నది. శ్రీపాల్ దగ్గర ఆ సైజులో జేగంటవి తప్ప లేవు. అమ్మేటప్పుడు ఆయన నిబంధన ఊసే ఎత్తలేదు.

"కొనేటప్పుడు కండ్లు ఏడ వెట్టినవ్ బిడ్డా?" అని పోశాలు కసిరాడు. "వీటి మీద నేను కొట్టొద్దు."

"పెద్దబాపూ, మొన్న మా మేనత్త బిడ్డ పెండ్లిల గివే పంచిన్రు. టీవోళ్లు ఫ్రీగ ఇచ్చిన్రని అందరనుకున్నరు. మా అవ్వ పేరు మీద ఇల్లు లేదు, జాగ లేదు. ఆధార్ కార్డు మీద తప్ప ఆమె పేరు ఏడ లేదు. గీ డబ్బాలు గూడ టీవోళ్ల లెక్కలనే పోవాల్నా?"

పోశాలు డబ్బా తీసుకుని చూశాడు. మూత మీద జేగంట. చుట్టూ పట్టీలా జేగంట. బోర్లిస్తే అడుగున కూడా గంట బొమ్మ. మూత తీసి లోపలికి చూశాడు. లోపల ఏమీ లేదు.

"ముఠాల మీ అవ్వను ఏమని పిలుస్తరు?"

"సమ్మక్క అనే."

"లోపల అడుగుకు గంతే కొడ్త. కీర్తిశేషులు, తారీఖు, గవేం కొట్ట. అన్నం తినేకాడ సావు మాటెందుకు?"

రజనికి అది నచ్చలేదు. "లోపల కొడితే ఎవలు సూస్తరు? అన్నం కప్పేస్తది గద" అన్నది. వేరే దారి లేక ఒప్పుకున్నది.

డబ్బా పైనైతే ఒక పూటలో అయ్యే పనికి రెండు రోజులు పట్టింది. లోతు డబ్బాలోకి చెయ్యి సరిగా దిగదు. పెన్ను నిలువుగా పట్టి, గుడ్డ చుట్టిన మణికట్టును అంచుకు ఆనించి ఒక్కో అక్షరం దించాడు. గుడ్డ చుట్టినా చర్మం లేచిపోయింది. రెండో రోజు శ్రీపాల్ బయటికి వచ్చి, ఒక డబ్బా తీసి పైనా కిందా చూసి, తర్వాత లోపల చూశాడు.

"కంపెనీ సారు చూస్తే?"

"గా సారు గిండ్ల సద్ది తిన్ననాడు సూస్తడు తియ్ సేటూ."

శ్రీపాల్ నవ్వు ఆపుకుంటూ లోపలికి పోయాడు.

కర్మ నాడు రజని భయపడ్డట్టే అయింది. చుట్టాలు మూతలు చూసి "టీవీ డబ్బాలు" అన్నారు. ఎవరూ లోపల చూడలేదు. రజని చాలా బాధపడింది. ఆ తర్వాత మెట్ల ముందు నుంచి పోతూ కూడా పోశాలును పలకరించేది కాదు. తప్పు ఆయనదేనని నాకూ అనిపించింది.

వానాకాలం నాట్లకు ఆ ముఠానే మా రెండెకరాలకు వచ్చింది. ఒక మనిషి తక్కువైతే రజని షాపుకు సెలవు పెట్టి తల్లి బదులు వచ్చింది. మధ్యాహ్నం అందరూ గట్టు మీద ఆ జేగంట డబ్బాల్లోనే సద్ది తింటున్నారు. మబ్బు పట్టింది. నాకు తొందర పుట్టి "ఇగ లేవుండ్రి" అన్నాను.

"ఆగు సారూ" అన్నది ప్రమీల అనే ఆమె, డబ్బాలోంచి తల ఎత్తకుండానే. "సమ్మక్క ఇంక కనవడలే."

మిగతావాళ్లు నవ్వలేదు. వాళ్లకది రోజూ అనే మాట. రజని చెయ్యి ఆగిపోయింది.

"ఏమంటున్నవ్ అక్కా?"

"కర్మ అయినకాంచి గంతే బిడ్డా. అడుగుదాక తింటెనే మీ అవ్వ మమ్ముల లేవనిస్తది."

రజని డబ్బాలో ఇంకా రెండు ముద్దలున్నాయి. కళ్లు తుడుచుకోకుండానే వాటిని తిన్నది.