మిరపకాయల పట్టా మీద కోకో గింజలు

ఏలూరు దగ్గర మా చెల్లెలి కొబ్బరితోటలో కోకో చెట్లున్నాయి. ఖరీదైన చాక్లెట్ చేసేవాళ్లు తన గింజలు కొంటారేమోనని ఏడాదిగా కాచుకుని ఉంది. వాళ్ల మనిషి చూడటానికి వస్తున్నాడంటే సత్తెనపల్లి నుంచి నేనూ సాయం వెళ్లాను. పులియబెట్టిన గింజలు ఆరబోయడానికి మా ఇంట్లో ఉన్న టార్పాలిన్ పట్టా తీసుకెళ్లి పరిచాను. ఏటా మేం మిరపకాయలు ఆరబోసేది దాని మీదే.

వచ్చినాయన గుప్పెడు గింజలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మిరప ఘాటు పట్టేసిందండీ. చాక్లెట్‌కి పనికిరావమ్మా."

నేనూ వాసన చూశాను. నాకేమీ తెలియలేదు.

"నాకూ తెలవట్లేదక్కా," అంది చెల్లెలు. "మిరపకాయల్లో పుట్టినోళ్లం, మన ముక్కులకేం తెలుస్తదే!"

ఆయన కారెక్కి వెళ్లిపోయాడు. మామూలు వ్యాపారికి వేయడానికి ఇద్దరం కూర్చుని ఆ గింజలు సంచులకెత్తాం.