వీధి మలుపులోంచి కేక

ఇటలీలోని పెరూజాలో మా ఎదురింటి ఎర్సీలియా పిన్ని చదువుకునే పిల్లలకు గది అద్దెకిచ్చి, మధ్యాహ్నం భోజనం కూడా పెడుతుంది. ఈ ఏడు నార్వే నుంచి సోల్వేగ్ వచ్చింది. ఆ పిల్ల రోజూ ఆలస్యంగా వచ్చేది, పాస్తా ముద్దయిపోయేది.

"మలుపు తిరగ్గానే కేకెయ్యవే, అప్పుడు పాస్తా నీళ్లలో వేస్తా. ఉడికాక అది మనకోసం ఆగదు," అంది పిన్ని.

"వీధిలో అరవాలంటే సిగ్గండీ."

"అయితే ఇంకో గది చూసుకో. నా ఇంట్లో ముద్దయిపోయిన పాస్తా తిన్నారంటే నాకు సిగ్గు."

మర్నాడు సోల్వేగ్ మలుపులో చాలాసేపు నిలబడింది. చివరికి కళ్లు మూసుకుని అరిచింది.

"పిన్నీ, పాస్తా వెయ్యి!"

నాలుగు కిటికీలు తెరుచుకున్నాయి.

"వేశాలే, నాకేం చెవుడు లేదు," అంది పిన్ని నవ్వుతూ.

ఇప్పుడు ఆ కేక విన్నాకే నేనూ మా ఇంట్లో పాస్తా వేస్తున్నాను.