పొట్టి పిడి సుత్తి

మా కాలేజీ పిల్లలు నా వెనక నన్ను సుత్తి మేడం అంటారని నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా ప్రొద్దుటూరులో ఇంగ్లీషు పాఠాలు చెబుతున్నాను. నస పెట్టేవాళ్ళకు తెలుగువాళ్ళంతా పెట్టే పేరే అది, అందులో కొత్తేమీ లేదు. కాకపోతే నా విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. ఎప్పుడో వెయ్యేళ్ళ కిందట నార్వే, ఐస్‌లాండ్ లాంటి మంచుదేశాల వాళ్ళు చెప్పుకున్న పురాణాలంటే నాకు పిచ్చి. వాటిలో సుత్తి పట్టుకుని తిరిగే ఉరుముల దేవుడొకడున్నాడు. ఏ పాఠం మొదలుపెట్టినా ఎక్కడో ఒకచోట ఆ సుత్తి దగ్గరికి వచ్చి ఆగేదాన్ని.

జమ్మలమడుగులో మా నాన్న తెలుగు పండితుడు. వానలు పడని ఏడాది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిలిస్తే వెళ్ళి విరాటపర్వం చదివేవాడు. నేను డిగ్రీ చదివేటప్పుడు లైబ్రరీ నుంచి అట్టలేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చి, ఆ మంచుదేశపు కథలు ఆయనకు చెప్పాను. "మన ఇంద్రుడే కదమ్మా. వజ్రాయుధం బదులు వానికి సుత్తి ఇచ్చినారు" అని ఒక్క మాటలో తేల్చేశాడు. నాకు రోషం వచ్చింది. ఇంద్రుడెట్లా అవుతాడు, వీళ్ళు చచ్చిపోయే దేవుళ్ళు, లోకంతోపాటు తామూ పోతామని ముందే తెలిసి కూడా యుద్ధానికి పోతారు అని వాదించాను. "తెలిసి పోతారా? పాపం" అన్నాడు. ఆయన చదివిన పద్యాలేవీ ఇప్పుడు నాకు గుర్తులేవు గానీ, ఆ పాపం అన్న మాట గుర్తుంది.

ఇప్పుడు ఆ దేవుళ్ళు మా ఊరి బజారంతా ఉన్నారు. టీషర్టుల మీద సుత్తి, స్కూలు బ్యాగుల మీద ఆ దేవుళ్ళను మింగే తోడేలు, సెల్‌ఫోన్ ఆటల్లో ఒంటికన్ను తండ్రిదేవుడు. ఇంగ్లీషు నవలల్లో కనిపించే మరుగుజ్జు కమ్మరులు, శాపం తగిలిన ఉంగరాలు ఎక్కువగా ఆ పురాణాల నుంచి ఎత్తుకొచ్చినవే. ఇంగ్లీషువాళ్ళ గురువారానికి పేరు కూడా ఆ ఉరుములవాడిదే. పిల్లలకు ఇదంతా సినిమాల్లో చూసి తెలుసు. నేను ఊరుకుంటానా? ఆ ఉరుములవాడిది బంగారు జుట్టు కాదు, ఎర్రగడ్డం అని సరిదిద్దేదాన్ని. సినిమాల్లో వాడికి తమ్ముడని చూపించే మాయలమారి దేవుడు తమ్ముడు కాదు, వాడి నాయనతో నెత్తురు కలిపి ఒట్టు పెట్టుకున్నవాడు అని చెప్పేదాన్ని. ఎవరికీ అక్కర్లేదు. ఒక తప్పు దిద్దితే పది కొత్తవి పుట్టుకొచ్చేవి. తలుచుకుంటే అలసటే తప్ప మిగిలిందేమీ లేదు.

రెండేళ్ళ కిందట మా అమ్మాయికి పులివెందులలో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. ఏం చేయించమంటావే అని అడిగితే, మెడలోకి ఆ సుత్తి చేయించమంది. నా పిచ్చి దానికీ అంటుకుంది, అయితే సినిమాల దారిన. మెషీన్‌లో పోసిన లాకెట్లు బజారులో దొరుకుతాయి. నేను మాత్రం చేత్తోనే చేయించాలని పట్టుబట్టాను. నా పెళ్ళికి మంగళసూత్రాలు చేసిన ఆచారి ఇంకా ఉన్నాడు. ఒక శెట్టి నగల దుకాణం వెనక గదిలో, కుంపటి ముందు కూర్చుని, ఆ దుకాణం ఇచ్చే పనే చేసేవాడు. ఆయనకు వేరే ఆధారం లేదు.

కాగితం మీద బొమ్మ గీసి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఏందిమ్మా ఇది? పిడి ఇంత పొట్టిగా ఉండాది. యాడన్నా ఉంటాదా ఇట్లాంటి సుత్తి?"

"అది అంతే ఆచారీ. గీసినట్లే చెయ్యప్పా."

"ఇంత లావు తలకాయికి ఇంత పొట్టి పిడి పెడితే చేతికి యాడ ఇముడుతాది? దెబ్బ యాడ పడతాది? యాభై ఏండ్ల నుంచి సుత్తి పట్టుకునేవాన్ని చెప్తాండా."

ఆ పిడి పొట్టిగా ఎందుకుందో ఒక కథ ఉంది. క్లాసులో ఎవరూ అడగకపోయినా చెప్పేదాన్ని, ఆ రోజు ఆయన అడిగినట్లే ఉన్నా చెప్పలేదు. ఎండ, తలనొప్పి, ఇంట్లో దిద్దాల్సిన పేపర్ల కట్టలు. గీసినట్లే చెయ్యమని ఇంకోసారి చెప్పి వచ్చేశాను.

పది రోజుల తర్వాత దుకాణానికి వెళ్తే శెట్టి గులాబీరంగు కాగితంలో చుట్టిన లాకెట్ నా చేతిలో పెట్టాడు. విప్పి చూశాను. సుత్తి తల మీద నేను గీసిన అల్లిక అంతా వచ్చింది. పిడి మాత్రం పొడుగ్గా, నున్నగా, అచ్చం కంసాలి సుత్తికి ఉన్నట్లే ఉంది. నాకు ఒళ్ళు మండింది. ఊరందరి తప్పులూ దిద్దుతూ వస్తే, చివరికి నా కూతురి మెడలోకి కూడా తప్పే వచ్చిందనిపించింది.

"బొమ్మ గీసి ఇచ్చినా కదా శెట్టీ, మీ ఆచారికి కండ్లు కనపడవా?" అన్నాను గట్టిగా. నగలు చూసుకుంటున్న వాళ్ళు తలలు తిప్పారు.

కోపంలో అందరం అనే మాటే. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా నాన్న ఎన్నిసార్లు చెప్పాడో. శెట్టి నవ్వలేదు. భూతద్దం తీసి లాకెట్‌ను వెనక్కి తిప్పి చూశాడు. కొక్కెం దగ్గర టంకం కొంచెం పొర్లి ఉంది. నేను దాన్ని గమనించనే లేదు. తర్వాత సొరుగు లాగి, ఆచారి ఆ వారం చేసిన కమ్మలు తీసి ఒక్కొక్కటే చూశాడు. ఆయన్ను పిలిచాడు. ఆచారి చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. కుడికన్ను మూసుకోమని చెప్పి, శెట్టి వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగాడు.

ఆచారి లెక్క చెప్పలేదు. "పోయిన ఉగాది నుంచి ఎడమది మసక శెట్టీ. ఒక కన్నుతోనే చేస్తాండా" అన్నాడు.

పిడి సంగతి ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. లాకెట్ పర్సులో వేసుకుని బయటికి వచ్చేశాను. ఆ నెలలోనే శెట్టి ఆ గదిలో కుంపటి తీయించి మెషీన్ నగల పెట్టెలు పెట్టించాడు. మా అమ్మాయి లాకెట్ వేసుకుని ఫోటో పంపింది. "పిడి పొడుగుంటేనే బాగుందిలేమా" అని రాసింది. 

ఆచారి చాపాడులో చిన్న బంకు పెట్టుకున్నాడని విన్నాను. అరగంట కూడా లేని దారి. వెళ్ళడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

ఆయన ఒక మెట్టె వంకర తీస్తున్నాడు. నన్ను చూసి బల్ల మీద కూర్చోమన్నాడు. బస్సులో కూడగట్టుకున్న మాటలన్నీ పోయి, "నా నోటి వల్లనే కదా ఆచారీ" అని మాత్రం అనగలిగాను.

"నువ్వు అనకపోతే ఇంగొకరు అందురు. కన్ను పోయింది నిజమే కదమ్మా" అన్నాడు. "కానీ ఆ బొమ్మ నాకు శానా బాగా కనపడింది. పొట్టి పిడి అని తెలిసే పొడుగు పెట్టినా. బిడ్డకు మొదటి ఉద్యోగం అంటివి. చేతికి పనికిరాని సుత్తి మెడలో ఏసుకోమని ఎట్లా ఇచ్చేది?"

 మెట్టెను మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ ఆయనే అడిగాడు.

"ఇంతకీ ఎందుకు పొట్టి?"

చెప్పాను. ఇద్దరు మరుగుజ్జు కమ్మరులు, అన్నదమ్ములు. దేవుళ్ళు మెచ్చే వస్తువు చేస్తామని మాయలమారితో పందెం కట్టారు. సుత్తి చేసేటప్పుడు కొలిమితిత్తి ఊదడం ఒక్క క్షణం కూడా ఆపకూడదు. వాళ్ళ పని చెడగొట్టడానికి ఒక ఈగ వచ్చి, తిత్తి ఊదేవాడి కంటిరెప్ప మీద కుట్టింది. నెత్తురు కంట్లోకి కారింది. వాడు ఈగను తోలడానికి చెయ్యి ఎత్తాడు. ఆ ఒక్క క్షణానికి పిడి పొట్టిదైపోయింది.

"దేవుళ్ళు ఒద్దన్నారా?"

"లేదు. తమ దగ్గరున్న అన్నింటిలోకీ అదే మేలన్నారు."

"మంచోళ్ళే" అన్నాడు ఆచారి, మెట్టెను వెలుగుకు ఎత్తి పట్టుకుని. "ఆ ఈగ యాడ నుంచి వచ్చెనమ్మా?"

మాయలమారే ఈగ రూపంలో వచ్చాడని పుస్తకంలో ఉంది. ముప్పై ఏళ్ళుగా ఆ ముక్కను క్లాసులో రెక్కలు ఆడించి మరీ చెప్పాను. 

"పొద్దుటూరు నుంచే ఆచారీ" అన్నాను.

ఆయన మెట్టె కిందపెట్టి, బాగున్న కన్నుతో నన్ను కాసేపు చూసి, ఎదురుగా ఉన్న హోటల్ వైపు తిరిగి రెండు టీలు చెప్పాడు.