రాకెట్టు కండక్టరు

నేనొక కార్టూన్ సిరీస్‌కు గొంతు ఇచ్చాను. ఆ సిరీస్ రాలేదు, ఇక రాదు కూడా. ఈ మాట జనగామలో, మానుకోటలో, భూపాలపల్లిలో ఎంతమందికి చెప్పానో. విన్నవాళ్లంతా తలూపారు గానీ ఒక్కరూ పూర్తిగా నమ్మలేదు.

జనగామలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. వార్షికోత్సవాల్లో పిల్లల చేత వేయించే నాటికలకు వెనక నుంచి రకరకాల గొంతులు పెట్టడం నాకు అలవాటు. ఒకసారి బస్సులో జనం తోసుకునే నాటిక వేయించాం. దాని వీడియో ఎవరి ఫోన్ నుంచి ఎవరి ఫోన్‌కు పోయిందో తెలియదు, చివరికి హైదరాబాదులో డబ్బింగ్ చేయించే ఒకాయన దాకా చేరింది. ఒకసారి రమ్మని ఆయన ఫోన్ చేశాడు. సెలవు పెట్టి పొద్దున్నే రైలెక్కాను.

అంతరిక్షంలో యుద్ధాలు జరిగే సినిమాల వరస ఒకటుంది. ప్రపంచమంతా చూస్తుంది. మా బడి పిల్లల బ్యాగుల మీద కూడా ఆ బొమ్మలే. ఆ సినిమాల్లో వీరులు గ్రహాలను కాపాడతారు, దుష్టులు పేల్చేస్తారు, ఎవరూ నవ్వరు. ఆ సినిమాలు తీసేవాళ్లే ఈసారి నవ్వుల కోసం ఒక కార్టూన్ సిరీస్ తయారుచేశారు. యుద్ధం లేని రోజుల్లో ఆ లోకంలోని మామూలు జనం ఏం చేస్తుంటారన్నది అందులో కథ. కూలీలను, సంతకు పోయేవాళ్లను ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి చేరవేసే ఒక పాత ఓడ ఉంటుంది. అందులో టిక్కెట్లు కొట్టే మరమనిషి ఒకటి ఉంటుంది, చూడ్డానికి తుప్పు పట్టిన నూనె డబ్బాలాగా. మరమనిషికి ఆడా మగా లేదు కాబట్టి దాని గొంతు నాకు ఇచ్చారు.

డబ్బింగ్ చేయించే ఆయన గోదావరి వైపు మనిషి, చాలా మర్యాదస్తుడు. మొదటిరోజే నాకు విషయం విడమరిచి చెప్పాడు. వీరులు, దుష్టులు, రాజులు, వైద్యులు అందరూ మామూలు తెలుగు మాట్లాడతారట. "ఈ డబ్బాకు మాత్రం మీ యాస పెడదాం మేడమ్. నోరు తెరిస్తే చాలు, నవ్వు రావాలి" అన్నాడు.

నాకు కోపం రాలేదు. పైగా సంబరపడ్డాను. హైదరాబాదులో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్ గదిలో నేను నోరు తెరిస్తే పక్క మంచాల వాళ్లు ఒకరినొకరు చూసుకునేవాళ్లు. అప్పుడు మూటగట్టి దాచుకున్న భాషను ఇప్పుడు బయటికి తీయమంటున్నారు, తీసినందుకు మెచ్చుకుంటున్నారు. అంతకంటే ఆలోచించలేదు.

మా బాపు బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. మానుకోట నుంచి గూడూరు మీదుగా కొత్తగూడ పోయే రూటులోనే ఆయన నౌకరీ చాలావరకు గడిచింది. ఆ మరమనిషికి నేను పెట్టింది ఆయన గొంతే. జనాన్ని లోపలికి జరగమనే తీరు, టిక్కెట్టు తీసుకోనివాణ్ని గుచ్చి చూస్తూ నెమ్మదిగా అడిగే తీరు, మాటకు ముందు చిన్నగా దగ్గడం, అన్నీ ఆయనవే. రాసిచ్చిన డైలాగులు పక్కనబెట్టి నా సొంత మాటలు వేసినా డబ్బింగ్ ఆయన అడ్డుచెప్పేవాడు కాదు.

ఒక ఎపిసోడ్‌లో ఓడ ఇంజను ఆగిపోతుంది. ఓడ కిందికి పడిపోతూ ఉంటుంది, లోపల అందరూ కేకలు. అక్కడ మరమనిషి "ఎవరూ భయపడకండి" అనాలని రాసి ఉంది. నేను మా బాపు మాట అన్నాను: "పరేషాన్ కాకున్రి, నేనున్న గద. నాతోని ఎక్కినోళ్లు నాతోనే దిగుతరు." రికార్డింగ్ గది అద్దం అవతల డబ్బింగ్ ఆయన బల్ల చరిచి మరీ నవ్వాడు. కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుని, ఇదే ఉంచుదాం అన్నాడు. నేనూ నవ్వాను.

ఆ మాటకు మా ఇంట్లో ఒక కథ ఉంది. నా చిన్నప్పుడు ఒక వానాకాలం గూడూరు దాటాక వాగులో బాపు బస్సు చిక్కుకుపోయింది. అప్పుడు ఆయన అన్న మాట అది. తర్వాత చాలా ఏండ్లు సంతల్లో కనిపించిన జనం ఆ మాటతోనే ఆయన్ను పలకరించేవాళ్లు. బాపు ఆ కథను నవ్వుతూ చెప్పేవాడు, అమ్మ ఇంకా పెంచి చెప్పేది, నేనూ తమ్ముడూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం.

రికార్డింగ్ అంతా అయ్యాక మానుకోట పోయి బాపుకు చెప్పాను, నీ గొంతు అంతరిక్షానికి పోతుందని. ఆయన శ్రద్ధగా విని ఒక్కటే అడిగాడు.

"మిగిలినోళ్లు ఎట్ల మాట్లాడుతరు బిడ్డా?"

"పుస్తకాలల్ల ఉన్నట్టు" అన్నాను.

ఆయన లేచి అంగీ తొడుక్కుని బస్టాండు దగ్గరి చాయ హోటలుకు పోయాడు. రిటైరైన డ్రైవర్లు, కండక్టర్లు రోజూ పొద్దున కూర్చునే చోటు అది. అక్కడ అందరికీ చెప్పాడట, మా బిడ్డ గొంతు టీవీల వస్తదని. భూపాలపల్లిలో బొగ్గుబావిలో పనిచేసే మా తమ్ముడు తన షిఫ్టు వాళ్లందరికీ చెప్పాడు. మా హెడ్మాస్టరు ప్రార్థన సమావేశంలో నన్ను ముందుకు పిలిచి పిల్లల చేత చప్పట్లు కొట్టించాడు.

తర్వాత చాలా నెలలు ఏ కబురూ లేదు. ఒకరోజు స్టాఫ్‌రూములో అన్నం తింటుంటే డబ్బింగ్ ఆయన ఫోన్ చేశాడు. ఆ సినిమాల హక్కులు వేరేవాళ్లు కొనుక్కున్నారట. కొత్తగా పెద్ద సినిమాలు తీయబోతున్నారట. వాటికి ముందు ఈ నవ్వులాట వస్తే వీరుల గౌరవం పోతుందని సిరీస్ మొత్తాన్ని ఆపేశారట. ఎన్నడో ఒకనాడు వస్తుందా అని అడిగాను. తనకైతే ఆశ లేదన్నాడు.

నేనేదీ దాచలేదు. ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసి చెప్పాను, మర్నాడు బడిలో చెప్పాను. అయితే నిజం చెప్పినకొద్దీ అబద్ధంలా వినిపించడం మొదలైంది. అంతా తయారుచేసి, అన్ని భాషల్లో గొంతులు పెట్టించి, పెట్టెలో పెట్టి తాళం వేస్తారా ఎవరైనా? కనీసం ఒక ముక్క వినిపించమన్నారు. రికార్డింగ్ గదిలోకి ఫోన్ కూడా తీసుకుపోనిచ్చేవాళ్లు కాదు. బయట ఎవరికీ ఏమీ చూపించనని సంతకం చేశాను. అది చెప్తే చుట్టూ ఉన్నవాళ్లు ఒక రకంగా చూపు తిప్పుకునేవాళ్లు. ఎవరూ నిలదీయలేదు. జాలిపడ్డారు. ఆ జాలికి నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

మానుకోటలో సంగతి అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాయ హోటలులో ఒక పాత డ్రైవరు, "వండిందంతా వండి ఎవలన్న పారబోస్తరానే? బిడ్డను తీసుకోకపోతే తీసుకోలేదని చెప్పరాదా" అన్నాడట. బాపు సగం చాయ అక్కడే వదిలేసి వచ్చాడట. మళ్లీ అటు పోలేదు. పొద్దున్నే లేచి అలవాటు చొప్పున అంగీ తొడుక్కుంటాడట, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటాడట.

తమ్ముడికి ఆడపిల్ల పుట్టింది. భూపాలపల్లిలో క్వార్టర్ల మధ్య టెంటు వేసి తొట్టెల ఫంక్షన్ చేశాడు. చుట్టాలందరూ వచ్చారు, తమ్ముడి షిఫ్టు వాళ్లు భార్యాపిల్లలతో వచ్చారు. భోజనాల దగ్గర గూడూరు చిన్నమ్మ నా పక్కన కూర్చుంది. మా అమ్మ చెల్లెలు, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. నా చెయ్యి పట్టుకుని చెవిలో చెప్పింది.

"ఎందుకు బిడ్డా నల్గుట్ల మాట పడుడు? అసలు నేను పోనే పోలేదని చెప్పు. ఒక్కనాటితోని ఒడుస్తది."

ఆమె ప్రేమగానే అంది. ఆ మాట వెనక వడ్డిస్తున్న తమ్ముడి చెవిన పడింది. వాడు గరిటె పక్కవాడికిచ్చి, పాటలు పెట్టే అబ్బాయి దగ్గర మైకు తీసుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "అక్కా, ఒక్కసారి ఇనిపియ్యి. అందరు ఇననియ్యి" అన్నాడు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాకోసం వాడు కూడా ఎన్ని మాటలు పడ్డాడో అప్పుడు అర్థమైంది.

సంతకం సంగతి ఆ క్షణంలో గుర్తు రాలేదు. నిలబడి చిన్నగా దగ్గి మొదలుపెట్టాను. ఓడ తలుపు దగ్గర జనం తోసుకోవడం, మరమనిషి కసురుకోవడం, టిక్కెట్టు లేకుండా ఎక్కిన దుష్టరాజును వెనక సీటులోకి పంపడం. మొదట పిల్లలు నవ్వారు. తర్వాత బొగ్గుబావి వాళ్లు, వాళ్ల భార్యలు. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లు తినడం ఆపి ఇటు తిరిగారు. చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఇన్ని నెలల తర్వాత జనం నన్ను నమ్ముతున్నారు. ఆ నవ్వు నన్ను ఎత్తుకుపోయింది. ఆగకుండా, ఓడ పడిపోయే ఘట్టంలోకి పోయాను. "పరేషాన్ కాకున్రి, నేనున్న గద. నాతోని ఎక్కినోళ్లు నాతోనే దిగుతరు."

టెంటంతా ఒక్కసారి గొల్లుమంది. అన్నిటికంటే పెద్ద నవ్వు అదే. కొత్తగూడ నుంచి వచ్చిన మా మామ ఒకాయన బాపు భుజం మీద చరిచి, "బావా, గిది నీ మాటేనాయె" అన్నాడు. అప్పుడు చూశాను బాపును. విస్తరి ముందు అన్నంలో వేళ్లు పెట్టి కదలకుండా కూర్చున్నాడు. అందరూ తనవైపు తిరిగేసరికి పెదవులతో నవ్వాడు. బస్సులో తాగినవాడు తిట్టినప్పుడు, పై ఆఫీసరు నలుగురిలో మందలించినప్పుడు నవ్వేవాడే, ఆ నవ్వు.

మైకు తమ్ముడి చేతిలో పెట్టి కూర్చున్నాను. వాడు పొంగిపోతున్నాడు. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. సిరీస్ రాకపోవడమే మంచిదైందనిపించింది. అప్పటిదాకా నావైపు నిలబడి మాటలు పడ్డ తమ్ముణ్ని చూస్తే, అట్లా అనుకున్నందుకూ సిగ్గేసింది.

ఆ వారంలోనే డబ్బింగ్ ఆయన మళ్లీ ఫోన్ చేశాడు. ఇంకో కార్టూన్ వచ్చిందట, అందులో తిండిపోతు దొంగ, వాణ్ని పట్టుకునే పోలీసామె ఉంటారట, దొంగకు అదే యాస కావాలట. చెప్తానన్నాను. ఆదివారం మానుకోట పోయాను.

బాపు వాకిట్లో కూర్చుని పల్లికాయ వలుస్తున్నాడు. నేనూ పక్కన కూర్చుని వలిచాను. వలుస్తూనే, తొట్టెలనాడు నీ మాటను నలుగురిలో నవ్వులపాలు చేశాను బాపూ, అన్నాను.

"మాటకేమైతది, అనొచ్చు" అన్నాడు. ఇంకో రెండు కాయలు వలిచాక, "గని వాగుల గా రోజు ఎవ్వలు నవ్వలే బిడ్డా" అన్నాడు.

అప్పుడు ఆ వాగు కథ మొదటిసారి నవ్వకుండా చెప్పాడు. నీళ్లు మెట్ల మీదికి వచ్చాయి. బస్సు ఒక పక్కకు ఒరిగింది. తండా నుంచి ఎక్కిన ఒకామె చంటిపిల్లను తలకంటే పైకి ఎత్తి పట్టుకుని నిలబడింది. బాపుకు ఈత రాదు. కాళ్లు వణుకుతుంటే ఎవరికీ కనబడకుండా తలుపు రాడ్డును రెండు చేతులతో పట్టుకున్నాడు. ఒళ్లు మొత్తంలో గొంతు ఒక్కటే తన మాట విన్నదట. అది ఆపితే తాను ఏడుస్తానని తెలిసి, అవతల నుంచి ట్రాక్టరు, తాళ్లు వచ్చేదాకా అదే మాట అంటూ ఉన్నాడట.

"మరి మాకు నవ్వుకుంట ఎందుకు చెప్పినవ్ బాపూ?"

"ఇట్ల చెప్తే మీ అమ్మ నన్ను మల్ల ఆ రూట్ల పోనిస్తదా?"

ఆయన భయాన్ని నేను అద్దాల గదిలో నిలబడి నవ్వుకు ఇచ్చేశాను. ఆ భయం ఉందని కూడా తెలియకుండా ఇంత పెద్దదాన్నయ్యాను. కొత్త దొంగ పాత్ర సంగతి చెప్పి, పోవాలా వద్దా అని అడిగాను. నీ గొంతు, నీ ఇష్టం, నన్ను అడుగుడేంది అన్నాడు. తర్వాత పొట్టు ఊది పళ్లెం పక్కన పెట్టి, తనే మళ్లీ అడిగాడు.

"గా ఓడ పడ్డదా మరి?"

"లేదు బాపూ, దిగింది."

"అందరు బతికిన్రా?"

"అందరు బతికిన్రు."

తల ఊపాడు. అమ్మ అన్నానికి పిలిస్తే లేచి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

మర్నాడు డబ్బింగ్ ఆయనకు ఫోన్ చేశాను. దొంగ పాత్ర నాకు వద్దని, అదే కథలో దొంగను పట్టుకునే పోలీసామె ఉంది కదా, ఆమె మా మాట మాట్లాడితే వచ్చి చేస్తానని చెప్పాను. ఆయన మొదట నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి, పైవాళ్లను అడిగి చెప్తానన్నాడు. ఇప్పటిదాకా చెప్పలేదు. స్టాఫ్‌రూములో ఎవరైనా కొత్తగా వచ్చినవాళ్లు, మేడమ్ మీరు కార్టూన్‌లో చేశారట కదా, ఎప్పుడొస్తుంది అని అడుగుతుంటారు. రాదు అని చెప్తాను. ముఖం ఇప్పటికీ వేడెక్కుతుంది. ఆ డబ్బా మరమనిషి ఏం పని చేసేదని అడిగితే మాత్రం, కండక్టరు అని చెప్తాను.