సముద్రంలో ఉప్పు తగ్గింది

ట్రయల్ వెయ్యనిదే పున్నారావు ఏ పనీ చెయ్యడు. తెనాలి మార్కెట్టు వెనక సందులో ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే ఈ మనిషిని ఉత్త పున్నారావని అడిగితే సందు మొదట్లో కిళ్ళీకొట్టు బర్నబాస్ కూడా ఇల్లు చూపించలేడు. ట్రయల్ పున్నారావు అనాలి. అప్పుడు కొట్టు వదిలేసి మరీ గుమ్మందాకా వచ్చి దింపుతాడు.

జాకెట్టుకి ట్రయల్ వెయ్యడంలో వింతేమీ లేదు. ముందు కచ్చాగా కుట్టి, ఒంటి మీద చూసి, చంక కింద పట్టేస్తే వదులు చేసి, ఆ తర్వాత గట్టి కుట్టు వేస్తారు. కానీ పున్నారావు బతుకంతా కచ్చా కుట్టు మీదే నడిపాడు. పెళ్ళికి ముందురోజు విడిదింట్లో మంచం కోడుకి పసుపుతాడు చుట్టి మూడు ముళ్ళూ వేసి చూసుకున్నాడట. ఆ సంగతి తెలిసి కొత్త పెళ్ళికూతురు రాజ్యలక్ష్మి, "అయితే మొదటి పెళ్ళాం ఆ మంచమన్నమాట. నేను రెండోదాన్నా?" అని నిలదీసింది.

"ఆ కోడు కదలకుండా నిలబడింది రాజ్యం. నువ్వే మెడ అటూ ఇటూ తిప్పావు. అందుకే మూడో ముడి వదులైంది," అన్నాడు.

కొత్త గొడుగు కొంటే వాన వచ్చేదాకా ఆగడు. వాకిట్లో గొడుగు వేసుకుని కూర్చుని, ఎదురింటి జగన్నాథరావు చేత డాబా మీంచి బిందెతో నీళ్ళు పోయించుకుంటాడు. "గాలివాన కూడా చూద్దామా?" అని ఒకసారి ఆయన వేళాకోళమాడితే, "ఉండండి, ఫ్యాను తెస్తాను," అని లోపలికి పరిగెత్తాడు. పన్ను పీకించుకోవడానికి ముందురోజు డాక్టరు దగ్గరికి వెళ్ళి, కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి, కాసేపుంచి మూసుకుని, "రేపొస్తానండి," అని లేచి వచ్చేశాడు. తెల్లారేసరికి నొప్పి పోయింది. ఆ పన్ను ఇప్పటికీ ఆయన నోట్లోనే ఉంది.

వీధంతా నవ్వుకునేది. రాజ్యలక్ష్మికి మాత్రం ఎప్పుడో నవ్వు ఎండిపోయింది. ఎందుకంటే ప్రయాణాలకి కూడా ట్రయలే. ఆదివారం ఎక్కడికైనా పోదామనుకుంటే, మధ్యలో ఒకరోజు ఈయన ఒక్కడూ సంచి తగిలించుకుని, అదే బస్సెక్కి, అదే దారిలో వెళ్ళి, అక్కడంతా తిరిగి వచ్చేవాడు. గడపలో చెప్పులు విప్పుతూ, "కుదరదు రాజ్యం," అనేవాడు.

అమరావతి ఎందుకు కుదరదయ్యా అంటే, "అక్కడి కాకులకి మనిషంటే భయం లేదు." మంగళగిరి ఏమైందంటే, "మెట్లన్నీ పైకే ఉన్నాయి." సూర్యలంకకి ఏం రోగమంటే, "సముద్రం ఉప్పగా ఉంది."

"ఉప్పగా కాక సేమ్యా పాయసంలా ఉంటుందా?" అని రాజ్యలక్ష్మి గరిట విసిరికొట్టింది.

"ఉండాల్సినదానికన్నా ఎక్కువుంది. నోట్లో పోసుకుని చూశాను," అన్నాడు, గరిట తీసి వంటింట్లో పెడుతూ.

ఆ మాట వీధి వదల్లేదు. పక్కింటి దుర్గాదేవి అయితే ఏళ్ళ తరబడి పొద్దున్నే ముగ్గు వేస్తూ అడిగేది. "ఏం పున్నారావూ, సముద్రానికి ఉప్పు సరిపోయిందా?"

"ఇంకా లేదక్కా," అని ఆయనా అంతే బుద్ధిగా చెప్పేవాడు.

రాజ్యలక్ష్మికి ఒళ్ళు మండిపోయేది. రేపల్లెలో పుట్టి, రైలెక్కి తెనాలి వచ్చి పడింది. ఆ తర్వాత చూసిందేమీ లేదు. సూర్యలంక చేప రోజూ తెనాలి బజారుకి వస్తుంది. తెనాలి మనిషి మాత్రం సూర్యలంక పోలేకపోయింది. చేపపాటి రాత కూడా లేకపోయింది తనకి.

ఆ మంటకి ఇంకో మూలం కూడా ఉంది. అది ఎవరికీ తెలియదనే ఆవిడ నమ్మకం. కూతురు ఇందుని కన్నప్పుడు కాన్పు కష్టమైంది. అప్పటినుంచి రాజ్యలక్ష్మికి నవ్వినా, తుమ్మినా, దగ్గినా ఒంట్లో నీళ్ళు ఆగవు. తల్లితో చెప్పలేదు, మొగుడితో చెప్పలేదు. ఊరు దాటాలంటే ముందురోజు నుంచే మంచినీళ్ళు మానేసేది. ఒకసారి గుంటూరు పెళ్ళికి బస్సులో వెళ్తుంటే దారిలో బస్సాపారు. మగవాళ్ళంతా దిగి రోడ్డు పక్కన బారులు తీరి, పని కానిచ్చుకుని, సినిమా కబుర్లు చెప్పుకుంటూ ఎక్కారు. ఆడవాళ్ళంతా కిటికీల్లోంచి ఎటో చూస్తూ కూర్చున్నారు. బస్సు కదిలి గుంటలో పడింది. రాజ్యలక్ష్మి పట్టుచీర తడిసిపోయింది.

"నీళ్ళసీసా మూత కారింది," అంది, నేల చూపులు చూస్తూ.

పున్నారావు వెంటనే ఆ సీసా లాక్కుని బస్సంతా వినపడేలా తిట్టాడు. "ఇదేం మూత! ఇదేం కంపెనీ! మనుషుల్ని పెళ్ళికి పోనివ్వరా వీళ్ళు?" అంటూ కిటికీలోంచి విసిరేశాడు. నమ్మాడు, బతికిపోయాననుకుంది ఆవిడ.

అందుకే ఆయన "కుదరదు" అన్నప్పుడల్లా గుండెలో ఒక మూల అమ్మయ్య అనిపించేది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసేది. ఆ అసహ్యమంతా మూటగట్టి మొగుడి నెత్తినే కుమ్మరించేది. అంతకన్నా దగ్గర్లో ఇంకెవరున్నారు?

ఈమధ్య విజయవాడలో ఉద్యోగం చేస్తున్న ఇందు ఫోను చేసింది. "అమ్మా, శనివారం బెజవాడ రండి. చీరలు కొనుక్కుందువుగాని. ఆదివారం ముగ్గురం సూర్యలంక పోదాం. ఇంక ఏమీ చెప్పకు."

రాజ్యలక్ష్మి ఫోను పెట్టేసి మిషను దగ్గరికి వెళ్ళి నిలబడింది. "ఈసారి ట్రయల్ గియల్ అన్నారంటే నేనూరుకోను. దుర్గాదేవి వదినతో నేనే పోతాను. మళ్ళీ జన్మలో మిమ్మల్ని ఎక్కడికీ తీసుకెళ్ళమని అడగను. నన్ను పాడె ఎక్కించేముందు కూడా మీరెక్కి చూసుకునేలా ఉన్నారు!"

పున్నారావు తొక్కుడు ఆపి, "లేదులే రాజ్యం. ట్రయల్ లేదు," అన్నాడు.

బుధవారం పొద్దున్నే, "దారం అయిపోయింది, బెజవాడ పోయొస్తా," అని సంచి తగిలించుకున్నాడు. దీపాలు పెట్టేవేళకి మొహం వంకాయలా కమిలిపోయి వచ్చాడు. చెప్పులు విప్పాడు. గడపలో బోలెడు ఇసక రాలింది.

"ఇదేంటి?" అంది రాజ్యలక్ష్మి.

"ఇసక."

"బెజవాడలో దారం ఇసకలో పాతిపెట్టి అమ్ముతున్నారా?"

ఈ గొంతు విని దుర్గాదేవి పిట్టగోడ మీంచి తల పెట్టింది. "సూర్యలంక ఇసకే రాజ్యం. నేను గుర్తుపడతాగా. ఏం పున్నారావూ, చేపలు దారం వడుకుతున్నాయా అక్కడ?"

రాజ్యలక్ష్మికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చెప్పండి. ఈసారి ఏమైంది? కెరటాలు తడిగా ఉన్నాయా?"

పున్నారావు కాళ్ళు కడుక్కుని, తుడుచుకుని, తాపీగా అన్నాడు. "శనివారం వెళ్దాం రాజ్యం. సముద్రంలో ఉప్పు తగ్గింది."

దుర్గాదేవి తల పిట్టగోడ అవతలికి జారిపోయింది.

శనివారం బెజవాడలో బట్టలకొట్టు గుమ్మం ఎక్కుతుండగానే దేవకుమారి అనే అమ్మాయి ఎదురొచ్చింది. పున్నారావు ఎప్పుడూ లైనింగు గుడ్డ కొనేది అక్కడే. "వచ్చారా మావయ్యగారూ! పైన గది తాళం తీసే ఉంచానండి. కంగారు పడకండి, మెల్లిగా వెళ్ళండి," అంది. ఎంతో జాలిగా అంది.

"ముందు మీ అత్తయ్యగారిని తీసుకెళ్ళమ్మా," అన్నాడాయన. తీరా పైన చూస్తే శుభ్రమైన బాత్రూము, నిండు బకెట్టు. పట్నం కొట్లలో ఇలాంటి మర్యాదలు కూడా ఉంటాయి కాబోలనుకుంది రాజ్యలక్ష్మి.

ఆదివారం రైల్లో బాపట్ల దిగి ముగ్గురూ ఆటో ఎక్కారు. ఎవరూ ఆపమనకుండానే ఆటో ఒక సందులోకి తిరిగి, హుక్కులూ బొత్తాలూ అమ్మే మస్తాన్ వలి ఇంటిముందు ఆగింది. ఆయన భార్య జైనబ్ బీ తలుపు తీసి, "అన్నా, ఎలా ఉంది ఇప్పుడు? ఏం సిగ్గుపడకు, నీ ఇల్లే అనుకో," అని, రాజ్యలక్ష్మి చెయ్యి నొక్కి, "ధైర్యంగా ఉండు వదినా. మగాళ్ళకి కూడా వస్తాయి," అంది.

"ఏం వస్తాయి?"

"ముందు పెరట్లోకి పోయిరా వదినా, తర్వాత చెప్పుకుందాం."

ఆటోలో రాజ్యలక్ష్మి ఉడికిపోయింది. ఈ మనిషికేదో జబ్బు చేసింది. జిల్లా అంతా తెలుసు, కట్టుకున్నదానికి తెలీదు! "మీకేమైంది? నాకు చెప్పరేం?" అంటే, "గాలి బాగుంది, కూర్చో," అన్నాడు. దవడలు బిగించుకుని కూర్చుంది. సముద్రం కనపడుతున్నా చూడలేదు.

సూర్యలంకలో పడవ మీద పనిచేసే నాగశివ అనే అతని ఇల్లు ఇసక పక్కనే. అతని తల్లి ఎండుచేపలు తిరగేస్తూ లేచి వచ్చి, రాజ్యలక్ష్మిని ఒక్కదాన్నే పక్కకి పిలిచింది.

"టైలరు బాబు పెళ్ళానివి నువ్వేనా తల్లీ? ముందు ఆయన్ని పంపమ్మా, పాపం ఆగలేడంటగా!"

"ఎవరాగలేరు?"

"నీక్కూడా చెప్పలేదా? బుధవారం వచ్చి నా కాడ కళ్ళనీళ్ళెట్టుకున్నాడమ్మా. 'అమ్మా, నాదో పాడు జబ్బు. నవ్వితే ఆగదు, తుమ్మితే ఆగదు. ఎక్కడికీ పోలేకపోతున్నా. ఆదివారం ఇంటోళ్ళతో వస్తా, మీ బాత్రూము వాడుకోనిత్తారా' అన్నాడు. దానికేం బాబూ, తలుపుకి గడే లేదు మరి అన్నా. అంత ఎండలో బాపట్ల పోయి గడే కొనుక్కొచ్చి ఆయనే బిగించాడు. మొగోడికి అంత సిగ్గేంటమ్మా?"

రాజ్యలక్ష్మికి లెక్క కుదరలేదు. మొగుడు పడుకుంటే తెల్లారేదాకా మొద్దులా కదలడు. మాటిమాటికీ లేచేది తనే. నవ్వితే, తుమ్మితే. ఆ రెండు ముక్కలూ తను జన్మలో ఎవరితోనూ అనలేదు.

లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. కొత్త గడియ తళతళలాడుతోంది. వంగక్కర్లేదు, చెయ్యెత్తక్కర్లేదు. సరిగ్గా తన చేతికందే చోట ఉంది. తన చేతి కొలత టేపు లేకుండా చెప్పగలిగేవాడు లోకంలో ఒక్కడే. కాకులు గుర్తొచ్చాయి. పైకే ఉన్న మెట్లు గుర్తొచ్చాయి. సముద్రం నోట్లో పోసుకున్న మొహం గుర్తొచ్చింది. రాజ్యలక్ష్మికి నవ్వొచ్చింది. ఏళ్ళ తరబడి మోకాళ్ళు బిగించి ఆపుకున్న నవ్వంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వడానికి అంతకన్నా సరైన చోటు ఇంకోటి లేదు.

ఇందు కెరటాల్లోకి దిగింది. మొగుడూ పెళ్ళాం ఇసకలో కూర్చున్నారు.

"గుంటూరు బస్సులో ఆ సీసా..." అంది రాజ్యలక్ష్మి.

"వెధవ మూత. కారింది."

"అందులో నీళ్ళే లేవు. నేను పోసుకోనేలేదు."

పున్నారావు చెప్పులో ఇసక దులిపాడు. "ఖాళీ సీసాలే ఎక్కువ కారతాయి రాజ్యం."

ఈసారి ఆవిడ నవ్వలేదు. "అప్పటినుంచీ తెలుసన్నమాట. ఒక్కమాట అడగొచ్చుగా?"

"అడిగితే సిగ్గుపడి వీధిలోకి కూడా రాకుండా కూర్చునేదానివి. బిగుతుగా ఉందని ఏ ఆడమనిషీ నోరు తెరిచి చెప్పదు. టైలరే చూసుకోవాలి. ఆ ఊళ్ళల్లో నీకు సరైన చోటు దొరకలేదు. ఏదో ఒకటి చెప్పాలిగా."

"దానికి కాకులా!"

"అప్పటికి అవే కనపడ్డాయి."

కోపం పూర్తిగా పోలేదు. అదంత తేలిగ్గా పోయేదీ కాదు. సిగ్గు ఇద్దరూ చెరిసగం పంచుకున్నారు గానీ, నోరు విప్పకపోవడం వల్ల పోయిన ఆదివారాలన్నీ తనవే. అవి ఏ టైలరూ విప్పి మళ్ళీ కుట్టలేడు. ఆ మాటే మొహం మీద అనేసింది. ఆయన తల వంచుకుని విన్నాడు. పసుపుతాడు కట్టించుకున్న మంచం కోడులాగే కదలకుండా విన్నాడు. తర్వాత ఒక కొబ్బరిబొండం కొట్టించి తెచ్చాడు.

"తాగు. నేను బుధవారం నాలుగు తాగి నాగశివ ఇంటిదాకా నడిచి చూశాను. అందుకోవచ్చు."

ఇల్లు దాటాక రాజ్యలక్ష్మి గొంతు తడుపుకోవడం ఇందు పుట్టాక అదే మొదలు. బొండం చివరిదాకా తాగింది. ఆ సాయంత్రమే కూతురికి అంతా చెప్పేసింది. "అయ్యో అమ్మా, దీనికి వైద్యం ఉందే! ఎంతమందికి ఉంటుందో తెలుసా?" అని ఇందు తిట్టి, తెనాలిలోనే ఒక లేడీ డాక్టరు పేరు కనుక్కుని గురువారం చూపించుకోమంది.

బుధవారం పొద్దున దుర్గాదేవి రొప్పుకుంటూ వచ్చింది. "రాజ్యం! మీ ఆయన ఆడాళ్ళ ఆస్పత్రిలో కూర్చున్నాడే! అటూ ఇటూ కడుపుతో ఉన్నవాళ్ళు, మధ్యలో ఈయన! నర్సు ఎన్నో నెలని అడిగిందంట! ఏంటే ఈ అవతారం?"

వేరే రోజైతే రాజ్యలక్ష్మి ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు చెంబెడు మంచినీళ్ళు తాపీగా తాగి, మూతి తుడుచుకుంది. "కూర్చోనివ్వు వదినా. సముద్రం పనైపోయిందిగా. ఆస్పత్రికి ఉప్పు సరిపోయిందో లేదో చూసొస్తారు."

మధ్యాహ్నానికి పున్నారావు వచ్చాడు. గడపలో చెప్పులు విప్పాడు. రాజ్యలక్ష్మి ఊపిరి బిగబట్టి చూసింది.

"రేపు వెళ్దాం రాజ్యం. డాక్టరమ్మ చాలా మెల్లిగా మాట్లాడుతుంది. లోపల చెప్పుకున్నది బయటివాళ్ళకి ఒక్కముక్క వినపడదు. తలుపుకి చెవి ఆనించి మరీ చూశాను," అన్నాడు. చొక్కా కాలరు సవరించుకుంటూ, "అప్పుడే మెడ పట్టుకుని గెంటారు," అన్నాడు.