లప్పం పెట్టిన నిచ్చెన

మా వెల్డింగ్ మేస్త్రి గారు పోయారన్న కబురు నాకు మామిడి చెట్టు కింద అందింది. బంగినపల్లి కోత జోరుగా సాగుతోంది. ఫోను తీసి చూస్తే మా తోటల రైతుల గ్రూపులో ఆయన ఫొటో, చుట్టూ గులాబీ పూల బొమ్మలు, కింద వరసగా దణ్ణాలు. "నూజివీడుకు తీరని లోటు" అని రాసిన పెద్దమనిషిని నేనెరుగుదును. గేటుకి రంగు వేసి ఇవ్వనన్నారని ఆయన్ని నడిరోడ్డు మీద నానా మాటలూ అని, సగం చేసిన గేటుని ఇంకో షెడ్డుకి ఎత్తుకుపోయిన మనిషి. ఇంకొకాయన "కర్మయోగి" అన్నాడు. ఆయన బతికుండగా "ఆ ముసలాడి నోరు మంచిది కాదు" అన్నదీ ఈయనే. పోయినవాళ్ళు తిరిగి ఒక మాట అనరు కాబట్టి పొగడ్డానికి వీళ్ళకి ధైర్యం వచ్చింది.

మరి ఆయన గురించి రాయడానికి నీకేం అర్హత ఉందని మీరు అడగవచ్చు. ఏమీ లేదు. ఆ సంగతే చెబుతాను.

ఆయన షెడ్డు నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్ళే రోడ్డు పక్కన ఉండేది. నాలుగు రేకులు, ఒక పాత మెషీను, కాలిన మచ్చల బల్ల. నిచ్చెనలు, గేట్లు, ట్రాక్టరు తొట్లు చేసేవారు. ఏదీ రంగు వేసి ఇచ్చేవారు కాదు. "నాలుగు రోజులు వాడి, అతుకులు చూసుకో. నచ్చితే నువ్వే పూసుకో" అనేవారు. నిచ్చెనల విషయంలో ఇంకో పట్టుదల ఉండేది. ఎవరు అతికిస్తే వాళ్ళే ముందు ఎక్కాలి, ప్రతి మెట్టు మీదా నిలబడి రెండుసార్లు ఎగరాలి. అరవై దాటిన మనిషి లుంగీ ఎగ్గట్టి, నిచ్చెనని వేపచెట్టుకి ఆనించి అలా ఎగురుతుంటే బస్సుల్లో వెళ్ళేవాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వినవాణ్ణే.

నా గొప్ప కూడా వినండి. మా నాన్న ఇచ్చిన మామిడి తోట, అక్కరకు రాని డిగ్రీ, చేతిలో ఫోను. వీడియోలు చూసి విజయవాడలో చిన్న వెల్డింగ్ మెషీను కొనుక్కొచ్చాను. వెదురు నిచ్చెనలు పుచ్చిపోతున్నాయి, లావు పైపుతో చేస్తే ఇద్దరు మోయాలి, అదే సన్న పైపుతో చేస్తే ఒక్కడే చెట్టు నుంచి చెట్టుకి మార్చుకుంటాడు కదా అని నా ఆలోచన. ఆలోచన మంచిదే, చెయ్యే పనికిమాలినది. రాడ్డు తగలగానే పైపుకి చిల్లు. దాన్ని పూడుద్దామంటే ఇంకా పెద్ద చిల్లు. సాయంత్రానికి ఆ పైపు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏంటండీ ఇది? పిల్లనగ్రోవా?"

"పని నేర్చుకుందామని వచ్చానండి."

"రైతు గారికెందుకండీ ఈ కాలే పని? నీడపట్టున కూర్చుని వీడియోలు చూసుకోండి."

లారీ డ్రైవర్లు, కూలీలు, ఊళ్ళో షావుకార్లు, ఎవరినైనా ఆయన 'నువ్వు' అనేవారు. నన్ను మాత్రం 'మీరు' అనేవారు, వాక్యానికో 'అండీ' తగిలించేవారు. అది మా తోటకి దక్కిన గౌరవం అనుకున్నాను. అంతటి తెలివైనవాణ్ణి.

పది రోజులు రాడ్డు ముట్టనివ్వలేదు. ఆకురాయి చేతికిచ్చి, పైపు చివరలు అరగదీయమన్నారు. ఒక పైపు మీద ఇంకో పైపు కూర్చోవాలంటే చివర చేప నోరులా వంపు తిరగాలి. రెండూ కలిపి ఎండకి ఎదురుగా పట్టుకున్నప్పుడు సందులోంచి వెంట్రుకంత వెలుగు కనిపించినా మళ్ళీ మొదటికే. "సందుంటే నిప్పు అందులోకే దూరుద్దండీ. సందు మీరు వదిలి నిప్పుని తిడతారు" అనేవారు.

ఆ తరవాత చుక్కలు. కరెంటు బాగా తగ్గించి, సన్న రాడ్డుతో ఒక్క చుక్క పెట్టాలి. చెయ్యి తీసేయాలి. ఆ ఎరుపు నల్లబడే దాకా ఆగి, అవతలి వైపు ఇంకో చుక్క పెట్టాలి. ఆ ఆగడమే నాకు చేతకాలేదు. గీత గీసినట్టు లాగేసేవాణ్ణి, పైపు కరిగి కారిపోయేది. "లావు ఇనుముని ఎవడైనా అతికిస్తాడండీ. మనిషెవరో సన్న పైపు దగ్గర తెలుసుద్ది" అని, అతుకు మీద పేరుకున్న చిట్టెం సుత్తితో రాలగొట్టి లోపల చూసి, మూలకి విసిరేసేవారు. ఆ మూల కుప్పంతా నా పనితనమే.

ఒకరోజు పొద్దున కళ్ళకి నల్ల అద్దం అడ్డం పెట్టుకోకుండా రాడ్డు తగిలించి, సాయంత్రానికి కళ్ళలో కారం కొట్టినట్టు మంట ఎత్తి, బల్ల మీద పడిపోయాను. "చదువుకున్నారు గదండీ, కళ్ళుండాలని పుస్తకంలో రాయలేదా?" అని తిడుతూనే బంగాళాదుంప చక్రాలుగా తరిగి నా రెప్పల మీద పెట్టారు. చక్రం వేడెక్కినప్పుడల్లా మార్చారు. ఆ పూట ఆయన ఇంకే పనీ చేసుకోలేదు. ఇది ఆ 'నోరు మంచిది కాదు' బాపతు వాళ్ళకి తెలియదు.

నెలన్నరకి నావి నాలుగు అతుకుల్లో మూడు కుదిరేవి. అన్నీ చెడగొట్టేవాడికి భయం ఉంటుంది, అన్నీ కుదిరేవాడికి ఒద్దిక ఉంటుంది. మూడు కుదిరినవాడికి ఉండేది పొగరొక్కటే. ఇంటి దగ్గర సొంతంగా పన్నెండు మెట్ల నిచ్చెన మొదలుపెట్టాను.

మర్నాడే కోత. లారీ కూడా మాట్లాడేశాను. తొమ్మిదో మెట్టు అతికేచోట వేలు దూరేంత చిల్లు పడింది. అక్కడికి కోసేసి కొత్త పైపు పెట్టాలి. టైము లేదని నాకు నేనే చెప్పుకున్నాను, లేనిది ఓపిక. ఆ చిల్లులో మేకు ముక్క దూర్చి, పైన నాలుగు చుక్కలు పొడిచి, కారు డొక్కులకి పూసే లప్పం పూసి, గరుకు కాగితంతో రుద్దేశాను. ఆ పైన నిచ్చెన మొత్తానికి వెండి రంగు కొట్టాను. తమాషా ఏమిటంటే, అతుకులన్నిటిలోకీ అదే అందంగా వచ్చింది.

పొద్దున్నే దాన్ని తోటలో పెద్ద చెట్టుకి ఆనించాను. నా ఘనకార్యం చూద్దురుగాని రమ్మని మేస్త్రి గారికి కబురు కూడా పంపాను. ఎంత సిగ్గులేనితనమో చూడండి. మా తోటలో ఏళ్ళ తరబడి కాయ కోసే వెంకన్నని పిలిచి, "కొత్త నిచ్చెన వెంకన్నా, ఎక్కు" అన్నాను. అతను కాయ కోసే చిక్కం భుజాన వేసుకుని, నిచ్చెన పైదాకా ఒకసారి చూసి, మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. సరిగ్గా అప్పుడే మేస్త్రి గారు సైకిలు దిగారు.

"రంగేశారే" అన్నారు. కాసేపు నిచ్చెన వైపే చూశారు. "వెంకన్నా, నువ్వాగు. రైతు గారూ, మీరెక్కండి."

ఎక్కాను. ఎనిమిదో మెట్టు దాకా దర్జాగానే ఎక్కాను. తొమ్మిదోది మోకాలి ముందు తళతళలాడుతోంది. కాలు లేవలేదు. కింద కోతకొచ్చినవాళ్ళంతా తలలెత్తి చూస్తున్నారు. తల తిరుగుతోందని ఏదో గొణిగి దిగిపోయాను.

ఆయన అరుస్తారనుకున్నాను. అరవలేదు.

"అక్కడేముందో మీ కాలికి తెలుసండీ. వాడి కాలికి ఎవరు చెప్పాలి?" అన్నారు. ఆ తరవాత, "ఎత్తండి భుజాన" అన్నారు.

ఎత్తుకున్నాను. మా తోట నుంచి షెడ్డు దాకా, ఎండలో, నేను నిచ్చెన మోస్తుంటే ఆయన సైకిలు నడిపించుకుంటూ వెనకే వచ్చారు. షెడ్డులో సుత్తి నా చేతిలో పెట్టారు. ఒక్క దెబ్బకి తొమ్మిదో మెట్టు ఊడి వేలాడింది, లప్పం పెచ్చులుగా రాలింది.

"ఒరే, చిల్లు చిల్లులాగే వదిలేసినా వాడు చూసుకుని తప్పుకునేవాడు గదరా" అన్నారు.

నన్ను 'ఒరే' అనడం అదే మొదలు. పోయేదాకా మళ్ళీ 'అండీ' అనలేదు. ఇన్నాళ్ళూ పెద్దమనిషిగా వెలేసిన మనిషి, దొంగగా దొరికిన రోజున శిష్యుడిగా చేర్చుకున్నారు. ఆకురాయి దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టించారు. నేను తరిమేయాల్సిన మనిషినని ఆయనకి తెలుసు, అయినా తరమలేదు. దానికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియకే ఏ రోజూ చెప్పలేదు. ఇప్పుడు ఇలా కాగితం మీద చెప్పుకుంటున్నాను.

పెద్దకర్మకి షామియానా వేశారు, మైకు పెట్టారు. తీరని లోటు గారూ, కర్మయోగి గారూ ముందు వరస కుర్చీల్లో కూర్చుని, ఒకరి తరవాత ఒకరు లేచి మాట్లాడారు. శిష్యుణ్ణి కదా అని మైకు నాకూ ఇచ్చారు. వాళ్ళ మాటలు విని ఒళ్ళు మండి ఉన్నానేమో, లప్పం సంగతి దాచకుండా మొత్తం చెప్పేశాను. చెప్పి తల దించుకున్నాను. జనం చప్పట్లు కొట్టారు. "ఎంత నిజాయితీ అండీ! గురువుకి తగ్గ శిష్యుడు" అని కర్మయోగి గారు నా భుజం తట్టారు. మనిషిని చంపబోయి ఒప్పుకున్నందుకు నాకు సన్మానం. అయినా అబద్ధమెందుకు, ఆ క్షణాన నాకూ కాస్త బాగానే అనిపించింది.

భోజనాలయ్యాక నీళ్ళ డ్రమ్ము దగ్గర వెంకన్న చెయ్యి కడుక్కుంటున్నాడు. నన్ను చూసి పక్కకి జరిగాడు.

"ఆ సంగతి నాకు ఆరోజే తెలుసండి" అన్నాడు.

"ఏ సంగతి?"

"తొమ్మిదో మెట్టు సంగతి. అతుకులన్నీ గతుకులుగా ఉంటే అదొక్కటే నున్నగా ఉంది. కింద నుంచి చూస్తేనే తెలిసిపోయింది."

"తెలిసీ మెట్టు మీద కాలెందుకు పెట్టావ్?"

అడగాల్సిన ప్రశ్నేనా ఇది అన్నట్టు చూశాడు.

"మీరు ఎక్కమన్నారు గదండీ."

గొంతులో కోపం లేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, షామియానా బయట కుప్పలో తన చెప్పులు వెతుక్కుని, తోట వైపు నడిచి వెళ్ళిపోయాడు. లోపల మైకులో ఎవరో ఇంకా నా నిజాయితీ గురించే మాట్లాడుతున్నారు.