ఎవరూ బలవంతపెట్టలేదు

మా నాయన కాడుగోడిలో బడిపంతులు, ఆదివారం సంఘపెద్ద. మా తెలుగు సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఊహ తెలిశాక ఎవరికి వాళ్ళే లేచి, అందరి ముందూ నోరు తెరిచి తమ నమ్మకం గురించి సాక్ష్యం చెప్పాలి. అప్పుడు నాయన ఒక్క ప్రశ్న అడిగేవాడు: “ఎవురన్నా బలవంతపెట్టినారా?” లేదంటేనే నీళ్ళలోకి దింపేవాళ్ళు. రాసుకొచ్చి చదివినా, పక్కనుంచి ఎవరైనా అందించినా చెల్లదు. కన్నబిడ్డలకైనా సరే ‘తీసుకో’ అని సూచన కూడా చెయ్యకూడదన్నది నాయన తనకు తానుగా పెట్టుకున్న నియమం. “ఇంకొకరి మనసులోకి మనం చెయ్యి పెట్టకూడదప్పా” అనేవాడు.

నేను పదిహేనేళ్ళకే లేచి గడగడా చెప్పేశాను. అసలే వాగుడుకాయను, నాకేం కష్టం? నాకన్నా ఆరేళ్ళు పెద్దదైన మా అక్క మాత్రం లేవలేదు. ఆమెకు నత్తి. ఇంట్లో నా దగ్గర అంతగా ఉండేది కాదు. పదిమందిలోనైతే మొదటి అక్షరం దగ్గరే దవడ బిగుసుకుపోయి మెడ నరాలు ఉబ్బేవి. నాయన ముందర కూడా అంతే. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నాకు జడ వేస్తూ కీర్తనలన్నీ పాడేది, పాటలో నత్తి వచ్చేది కాదు. ప్రభు భోజనం ఇచ్చే ఆదివారాల్లో, ఇంకా బాప్తిస్మం కాని చిన్నపిల్లలతో పాటు వెనక బెంచీలో తలవంచుకుని కూర్చునేది. నాకు పద్దెనిమిది వచ్చేనాటికి ఆమెకు ఇరవై నాలుగేళ్ళు.

ఆ ఏడే నేను బి.ఏ.లో చేరాను. పొద్దున రైలెక్కి సిటీకి వెళ్ళి, సాయంత్రం రైల్లో వచ్చేదాన్ని. ఎమర్జెన్సీ అప్పుడే పోయింది. మా రాజనీతి మాస్టారు ఉదారవాదం పాఠం మొదలుపెడితే, అంతకుముందు ఏడాది కిటికీలు మూసి గుసగుసలాడిన కాలేజీ చెవులు రిక్కించి వినేది. మనిషి రాజ్యం కోసం పుట్టలేదు, రాజ్యమే మనిషి కోసం పుట్టిందని చెప్పారు. పాలించేవాళ్ళ అధికారం మన ఒప్పుదల వల్ల వచ్చిందే, చట్టం వాళ్ళకీ చట్టమే. ఇంకొకరికి హాని చెయ్యనంతవరకు మనిషి నమ్మకం, మాట, సంపాదన జోలికి ఎవరూ రాకూడదు. ఉదారవాదంలో ఇది పాత పాయ అనీ, తర్వాత వచ్చిన కొత్త పాయ మరుసటి ఏడు సిలబస్‌లో ఉందనీ కూడా చెప్పారు. నాకు పాతదే చాలనిపించింది. ఇంటికొచ్చి చెబితే నాయన మురిసిపోయాడు. “ఇదేమే, మన బాప్తిస్మం ప్రశ్నే కదా!” అన్నాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం అక్క సంగటి కెలుకుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

“నా... నా బదులు నువ్వు చెప్తావా? నాయనకి. నాకూ బాప్తిస్మం కావల్ల.”

నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “నమ్మకం ఎవురిది వాళ్ళే చెప్పుకోవల్లక్కా. నేను చెప్తే అది నీ స్వేచ్ఛ ఎట్లయితుంది?”

“సరేలే” అంది అక్క. ఆ మాటలో నత్తి లేదు. నా జవాబు చూసుకుని నేనే గర్వపడ్డాను. ఆ పద్దెనిమిదేళ్ళ పిల్ల ఇప్పుడు ఎదురుపడితే చెంప పగలగొడతాను.

వానాకాలంలో అక్కకు కామెర్లు వచ్చాయి. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. పదమూడో రోజు లేదు.

సమాధి దగ్గర, పోయినవాళ్ళ గురించి సాక్ష్యం చెప్పడం మా ఆచారం. పాస్టరు అయ్యగారు చుట్టూ చూసి “ఎవరైనా చెప్తారా?” అన్నారు. నేను లేచాను. అక్క నన్నెలా పెంచిందో, ప్రభువును ఎంతగా ప్రేమించిందో ఎక్కడా తడబడకుండా పావుగంట చెప్పాను. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎంత బాగా మాట్లాడావమ్మా అని నా భుజం తట్టారు. పోయిన మనిషి తరఫున మాట్లాడటానికి ఆమె ఒప్పుదల కావాలని ఎవరికీ తోచలేదు. బతికుండగా రెండు మాటలు చెప్పమంటే నాకు సిద్ధాంతం అడ్డొచ్చింది.

తిరిగొస్తూ నాయన అన్నాడు: “బాప్తిస్మానికి దానికి మనసు రాలేదేమోలే అమ్మా. దాని ఇష్టం.” నేను నోరు మూసుకున్నాను. ఆ తర్వాత ఏడాదంతా మూసుకునే ఉన్నాను.

మరుసటి ఏడు మాస్టారు కొత్త పాయ చెప్పారు. తలుపుకి తాళం లేనంతమాత్రాన అందరూ బయటికి రాలేరన్నారు. ఆకలి, జబ్బు, చదువు లేకపోవడం కూడా మనిషిని కట్టేస్తాయి. బడి, ఆసుపత్రి, పని దొరికేలా చూడటం ప్రభుత్వం బాధ్యతేనని వీళ్ళ వాదం. అలా సాయానికొచ్చిన చెయ్యే రేపు మెడ పట్టుకుంటుందని పాతవాళ్ళ భయం. ఆ భయం ఉత్తది కాదని మొన్న ఎమర్జెన్సీలోనే చూశాం కదా అన్నారు. రెండు పాయలకీ కావలసింది మనిషి స్వేచ్ఛే, దానికి ఏం అవసరమన్న దగ్గరే తగాదా. అందరూ రాసుకుంటున్నారు. నేను పెన్ను మూసి పెట్టాను. కళ్ళలో నీళ్ళు నిండి కాగితం కనపడలేదు.

ఆ సాయంత్రం నాయన పిల్లల కాపీలు దిద్దుకుంటూ, ఎప్పటిలాగే “ఏం చెప్పినారు ఈ పొద్దు?” అన్నాడు. పాఠం చెప్పాను. ఆపలేక మిగతాదీ చెప్పాను.

“నాయనా, అక్క అడిగింది. నీకు చెప్పమని నన్నడిగింది. నేనే చెప్పలేదు.”

నాయన ఎర్రసిరా పెన్ను కింద పెట్టాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది.

“బాప్తిస్మం ఆదివారం వచ్చినప్పుడంతా దాని బెంచీ పక్కే చూస్తా ఉంటిని అమ్మా. లేస్తుందేమోనని.”

“అది నీ పక్కే చూస్తా ఉండె నాయనా. అడుగుతావేమోనని.”

“అడిగుంటే బలవంతమయ్యేదా?”

బడి మొహం చూడనివాళ్ళు కూడా చెప్పగలిగే జవాబది. మా ఇద్దరికీ ఇంత చదువుండీ అక్క బతికుండగా తట్టలేదు.

“కాదు నాయనా” అన్నాను.

అక్కను మట్టిలో పెట్టిన రోజు కూడా ఏడవని మా నాయన, దిద్దుతున్న కాపీల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చాడు.